మెడికల్ కాలేజీ లెటర్లు: డాక్టర్ అంకుల్‌ని వదిలేయండి

అమెరికాలో ప్రీమెడ్ (మెడికల్ కాలేజీకి సిద్ధమయ్యే డిగ్రీ) చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో, అప్లికేషన్ ఏడాది మొదలవగానే ఒక అంకుల్ పేరు వినబడుతుంది. పెద్ద హాస్పిటల్లో కార్డియాలజిస్టు. నాన్నతో కలిసి చదివినాయన, లేదా అమ్మవాళ్ళ ఊరాయన. వేసవి సెలవుల్లో పిల్లో పిల్లాడో నాలుగు రోజులు ఆయన వెనక తిరిగి షాడోయింగ్ చేసి ఉంటారు. "సిఫారసు లెటరు ఆయన చేత రాయిద్దాం, అంత పెద్ద డాక్టరు చెబితే కాదంటారా" అని భోజనాల దగ్గరే తీర్మానం అయిపోతుంది.

ఆ లెటరు వద్దు. దానివల్ల లాభం లేకపోగా, మంచి లెటరు ఉండాల్సిన చోటుని అది తినేస్తుంది.

మన తల్లిదండ్రులకి ఈ ఆలోచన ఎందుకొస్తుందో అర్థం చేసుకోవచ్చు. మొన్నటి ఎంసెట్లో గానీ ఇప్పటి నీట్‌లో గానీ లెటరన్న మాటే లేదు. ర్యాంకు వస్తుంది, విజయవాడలోనో వరంగల్‌లోనో హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ పెడుతుంది, సీటు వస్తే వస్తుంది లేకపోతే లేదు. ఇక లెటరంటే మనకి తెలిసింది తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చేది. అందులో భక్తుడు ఎలాంటివాడో ఒక్క ముక్క ఉండనక్కర్లేదు, లెటర్‌హెడ్డూ సంతకమూ ఉంటే పని జరుగుతుంది. అమెరికా మెడికల్ కాలేజీ లెటరు దీనికి పూర్తిగా తిరగబడి నడుస్తుంది. రాసినాయన ఎవరన్నది చదివేవాళ్ళు ఒక్క చూపులో దాటేస్తారు. ఆయన ఈ విద్యార్థిని ఎంతకాలం, ఏ పనిలో, ఎంత దగ్గరగా చూశాడన్న దగ్గర ఆగుతారు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం, అంటే ఎ.ఎ.ఎం.సి., లెటర్లు రాసేవాళ్ళ కోసం ఒక మార్గదర్శి పెట్టింది. విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, స్వయంగా చూసి రాస్తున్నారా లేక విని రాస్తున్నారా అన్నది ముందు చెప్పమంటుంది. మీ కోర్సు గురించో మీ ల్యాబు గురించో కాదు, విద్యార్థి గురించి రాయమంటుంది. పొడుగు ముఖ్యం కాదంటుంది. నాలుగు రోజులు గది మూలన నిలబడి చూసిన పిల్లాడి గురించి కార్డియాలజిస్టు అంకుల్ వీటిలో దేనికి జవాబు చెప్పగలడు? "మర్యాదస్థుడు, వేళకి వచ్చాడు, మంచి కుటుంబం" అని రాస్తాడు. ఏటా యాభై వేలమందికి పైగా అప్లై చేసి, ఇరవైమూడు వేల దగ్గర సీట్ల కోసం పోటీపడే చోట, వేళకి రావడం అర్హతగా పనికిరాదు.

మరి ఎవరు రాయాలి? కాలేజీని బట్టి మారుతుంది కానీ, ఎక్కువచోట్ల అడిగే అచ్చు ఒకటుంది: సైన్స్ ప్రొఫెసర్లు ఇద్దరు, సైన్స్ కాని సబ్జెక్టు ప్రొఫెసర్ ఒకరు. సైన్స్ అంటే ఇక్కడ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మాథ్స్. నర్సింగ్ క్లాసుల్నీ పబ్లిక్ హెల్త్ క్లాసుల్నీ కొన్ని కాలేజీలు సైన్స్ కింద లెక్కవెయ్యవు. మాథ్స్ ప్రొఫెసర్ లెటరు ఒప్పుకునే కాలేజీలూ ఉన్నాయి, బయాలజీయో కెమిస్ట్రీయో ఉండితీరాలనే కాలేజీలూ ఉన్నాయి. ఎ.ఎ.ఎం.సి. అమ్మే ఎం.ఎస్.ఎ.ఆర్. అనే డేటాబేసులో కాలేజీవారీగా ఈ వివరాలుంటాయి. అప్లై చెయ్యబోయే ప్రతి కాలేజీకీ ఒక వరుస పెట్టి, కనీసం ఎన్ని, గరిష్ఠంగా ఎన్ని, ఎవరెవరివి అన్నది ఒక షీట్లో రాసుకుంటే, ఎవరిని అడగాలన్నది సగం అక్కడే తేలిపోతుంది.

సైన్స్ ప్రొఫెసర్ల దగ్గరే అసలు తంటా. పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసంటే రెండు మూడు వందల మంది. అందులో ఏ గ్రేడు తెచ్చుకున్న అమ్మాయి, మాట్లాడి ఎరగని ప్రొఫెసర్‌ని లెటరు అడిగితే ఆయన ఏం రాస్తాడో చూడండి. "గత ఫాల్‌లో 280 మంది ఉన్న నా క్లాసులో ఈ విద్యార్థిని ఏ గ్రేడు తెచ్చుకుంది. మూడు పరీక్షల్లోనూ సగటు కన్నా పైన ఉంది. చక్కగా శ్రద్ధ పెడుతుంది. మంచి డాక్టరవుతుందని నమ్ముతున్నాను." నాలుగు వాక్యాల్లో మొదటి రెండూ చెప్పేవి దాదాపు ట్రాన్స్‌క్రిప్టులో ఉన్నవే, మిగతా రెండూ ఎవరి గురించైనా రాయగలిగేవి.

అదే క్లాసులో బీ ప్లస్ వచ్చిన మరో అమ్మాయి గురించి అదే ప్రొఫెసర్ ఇలా రాశాడనుకోండి. "మొదటి పరీక్షలో ఈమెకి 61 వచ్చింది. మర్నాడే ఆఫీస్ అవర్స్‌కి వచ్చింది. మార్కులు కలపమని అడగలేదు. ఎలిమినేషన్ రియాక్షన్లో తను వేసిన బాణాలు ఎక్కడ తప్పాయో బోర్డు మీద నాకే వివరించి, సరిగ్గా పట్టుకున్నానా అని అడిగింది. మూడో వారానికల్లా ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళలో ఒకడు అదే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తుంటే జవాబు చెప్పెయ్యకుండా, ఇంకాస్త చిన్న ప్రశ్న వేసి వాడి చేతే రాయించింది." డాక్టరుకి కావలసినవి ఇక్కడ మూడు నాలుగు కనబడుతున్నాయి: దెబ్బ తిని తేరుకోవడం, తన తప్పు తనే వెతుక్కోవడం, పక్కవాడికి ఓపిగ్గా చెప్పడం. ఓపికమంతురాలు అన్న మాట మాత్రం లెటర్లో ఎక్కడా లేదు. ఏ గ్రేడు ఇచ్చిన ప్రొఫెసర్‌నే అడగాలన్న నియమం మనవాళ్ళు పెట్టుకున్నదే. బీ ప్లస్ ఇచ్చినా మనిషిని ఎరిగిన ప్రొఫెసర్ లెటరే నా లెక్కలో మేలు. సీ గ్రేడైతే మాత్రం ఆలోచించాలి.

అలాంటి లెటరు అడిగిన రోజున పుట్టదు. సెమిస్టర్ మొదటి నెలలోనే, ప్రొఫెసర్ విద్యార్థుల్ని కలవడానికి పెట్టుకున్న ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళడం మొదలుపెట్టాలి. ప్రొఫెసర్‌కి మొహం చూపించడానికి వెళితే ఆయన ఇట్టే పసిగడతాడు, నిజంగా అర్థం కానిది పట్టుకుని వెళ్ళాలి. ఆ క్లాసు బాగా నచ్చి గట్టిగా చదివితే, తర్వాతి సెమిస్టర్లో అదే ప్రొఫెసర్ దగ్గర గ్రేడరుగానో, క్లాసులో సాయపడే లెర్నింగ్ అసిస్టెంటుగానో చేరవచ్చు. అప్పుడు ఆయన ఒక విద్యార్థి గురించి కాక, తనతో కలిసి పనిచేసిన మనిషి గురించి రాస్తాడు.

మరీ పెద్ద క్లాసైతే ఇంకో దారి ఉంది. వారం వారం ల్యాబులో మిమ్మల్ని చూసేది గ్రాడ్యుయేట్ టీఏ (క్లాసుకి సాయపడే పీజీ విద్యార్థి). ఆయన ఒక్కడి సంతకంతో వచ్చే లెటరు చాలా కాలేజీల్లో ఫ్యాకల్టీ లెటరుగా చెల్లదు. టీఏ రాసి, ప్రొఫెసర్ చదివి, తన మాట ఒకటి కలిపి, ఇద్దరూ సంతకం పెడితే చెల్లుతుంది. చాలామంది ప్రొఫెసర్లు దీనికి సులువుగానే ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడేది మనమే. రీసెర్చ్ ల్యాబులోనూ అంతే. పి.ఐ. (ల్యాబు పెద్ద) నెలకోసారి గ్రూప్ మీటింగులో కనబడతాడు, పక్కన కూర్చుని పిపెట్ పట్టుకోవడం నేర్పింది పీహెచ్.డి. అయ్యాక అక్కడ పనిచేసే పోస్ట్‌డాక్. ఇద్దరూ కలిసి రాసిన లెటర్లో పి.ఐ. హోదా, పోస్ట్‌డాక్ చూసిన వివరం రెండూ ఉంటాయి. ఎం.డి.-పీహెచ్.డి. ప్రోగ్రాములకి అప్లై చేసేవాళ్ళకి ఇందులో ఎంపిక లేదు: చెప్పుకోదగ్గ రీసెర్చ్ చేసిన ప్రతి ల్యాబు నుంచీ లెటరు ఉండాలి. ఒకటి లేకపోతే అక్కడ ఏం చెడిందోనని అనుమానపడతారు.

మన పిల్లలకి ప్రత్యేకంగా తగిలే చిక్కొకటుంది. హైస్కూల్లో ఏపీలూ డ్యుయల్ క్రెడిట్లూ (కాలేజీ క్రెడిట్ తెచ్చే కోర్సులు) బస్తాల కొద్దీ పోగేసి, డిగ్రీ మూడేళ్ళలో ముగించి, గ్యాప్ లేకుండా మెడికల్ కాలేజీలో చేరాలని ప్లానేస్తారు. ఏడాది ఫీజు మిగులుతుందని ఇంట్లోనూ సంబరమే. కానీ మూడేళ్ళలో ముగించి వెంటనే చేరాలంటే అప్లికేషన్ రెండో ఏడాది చివర్లో, మే-జూన్‌లో పెట్టాలి. అంటే నాలుగు సెమిస్టర్లలోనే ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్లూ ఒక నాన్-సైన్స్ ప్రొఫెసరూ మిమ్మల్ని బాగా ఎరిగి ఉండాలి. ఇంగ్లిషు, హిస్టరీ ఏపీతో కొట్టేశారు కాబట్టి చిన్న క్లాసులో కూర్చునే అవకాశమే పోయింది. ఎంక్యాట్ (మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరూ జీపీఏయూ బంగారంలా ఉండి, నాన్-సైన్స్ లెటరుకి ఎవరూ దొరక్క ఏప్రిల్లో తలపట్టుకునేది వీళ్ళే. ఏపీ క్రెడిట్ ఉన్నా సరే, పాతిక మందికి మించని ఒక సెమినార్ క్లాసు మొదటి ఏడాదిలోనే తీసుకోవాలి. ఫిలాసఫీ, సోషియాలజీ, స్పానిష్, ఏదైనా ఫరవాలేదు. వారానికో పేజీ రాయించి, దాన్ని చదివి మార్జిన్లో వ్యాఖ్య రాసే ప్రొఫెసర్ దొరికితే, ఆయన లెటరు సైన్స్ లెటర్ల కన్నా పదునుగా వచ్చిన సందర్భాలు తక్కువేం కాదు.

డాక్టర్ల లెటర్లన్నీ పనికిరావని అనడం లేదు. వందల గంటలు ఒక డాక్టరు పక్కన స్క్రైబుగా కూర్చుని చార్టు రాసినవాళ్ళ సంగతి వేరు. ఆయన ఆ రాతల్ని సరిదిద్దాడు, రద్దీ రోజున వీళ్ళు ఎలా నిలబడ్డారో చూశాడు, ఏడుస్తున్న రోగితో ఎలా మాట్లాడారో విన్నాడు. ఫ్రీ క్లినిక్ కోఆర్డినేటరు, చివరిదశ రోగులుండే హాస్పీస్‌లో వాలంటీర్లని చూసుకునే నర్సు, అంబులెన్సులో షిఫ్ట్ లీడరు కూడా ఇలాంటివాళ్ళే. వీళ్ళ పేరు పక్కన పెద్ద డిగ్రీలు లేకపోవచ్చు, చెప్పడానికి సరుకుంటుంది. డి.ఓ. (ఆస్టియోపతీ పద్ధతి) కాలేజీల్లో కొన్ని డాక్టర్ లెటరు అడుగుతాయి, అదీ ఆస్టియోపతిక్ డాక్టరుదైతే మరీ ఇష్టపడతాయి. అక్కడికి మాత్రం షాడోయింగ్‌ని కాస్త సాగదీసి, చూసిన కేసుల గురించి ఆ డాక్టరుతో కూర్చుని మాట్లాడి, ఆయన రాయగలిగేటట్టు చేసుకోవాలి.

తెలుగు సంఘం అధ్యక్షుడు, గుడి ట్రస్టీ, కాంగ్రెస్‌మన్, హైస్కూల్ టీచరు, బాబాయి: వీళ్ళెవరూ వద్దు. తెలుగు నేర్పే మనబడిలో మూడేళ్ళు చిన్నపిల్లలకి పాఠం చెప్పి ఉంటే, అక్కడ మీ క్లాసుని వారం వారం చూసిన సమన్వయకర్త రాయొచ్చు. అప్పుడు కూడా అది ప్రొఫెసర్ల లెటర్ల మీద అదనంగా ఉండాలి, వాటి బదులుగా కాదు.

మీ కాలేజీలో ప్రీమెడ్ కమిటీ ఉంటే కథ మారుతుంది. కమిటీయే ఇంటర్వ్యూ చేసి, లెటర్లు పోగుచేసి, ఒక కమిటీ లెటరు పంపుతుంది. వాళ్ళ గడువు అప్లికేషన్ గడువు కన్నా చాలా ముందుంటుంది, అంతకు ముందు శీతాకాలంలోనే దాటిపోవచ్చు. కమిటీ ఉండి కూడా దాని లెటరు లేకుండా అప్లై చేస్తే, ఎందుకు లేదో వివరణ రాయమని చాలా మెడికల్ కాలేజీలు అడుగుతాయి. కాబట్టి రెండో ఏడాదిలోనే ప్రీహెల్త్ ఆఫీసుకి వెళ్ళి తేదీలు తెలుసుకోవాలి.

ఇక అడిగే పద్ధతి. జనవరి నుంచి మార్చిలోగా అడగాలి. వీలైతే ఎదురుగా కూర్చుని, లేకపోతే మర్యాదైన ఈమెయిలుతో. అడగాల్సిన ప్రశ్న "లెటరు రాస్తారా?" కాదు. "మెడికల్ కాలేజీకి నా తరఫున బలమైన లెటరు రాసేంతగా నేను మీకు తెలుసనుకుంటున్నారా?" అని అడగాలి. ఆయనకి కాదనే వీలివ్వడమే దీని ప్రయోజనం. "రాస్తాలే, కానీ నీ గురించి పెద్దగా తెలీదు" అన్నా, రెండు వారాలు జవాబు ఇవ్వకపోయినా, ధన్యవాదాలు చెప్పి ఇంకొకర్ని చూసుకోవాలి. అక్కడ బతిమాలి తెచ్చుకున్న లెటరు చప్పగా వస్తుంది. లెటర్లలో తిట్లు అరుదు, చెడగొట్టేది ఆ చప్పదనమే. "నాకు తెలిసినంతవరకు", "ఇచ్చిన పని చేశాడు" లాంటి మాటలు అడ్మిషన్ల కమిటీలో చదివేవాళ్ళకి చాలు.

సరే అన్నాక ఒక చిన్న కట్ట ఇవ్వాలి. ఒక పేజీ రెజ్యూమే, పర్సనల్ స్టేట్‌మెంట్ చిత్తుప్రతి, ట్రాన్స్‌క్రిప్ట్, ఆ క్లాసులో మీరు రాసిన పేపరో ల్యాబ్ రిపోర్టో ఒకటి, ఎ.ఎ.ఎం.సి. మార్గదర్శి లింకు, గడువు తేదీ. వీటన్నిటికన్నా విలువైనది ఒక అర పేజీ: ఆయన కళ్ళ ముందు జరిగిన మూడు నాలుగు సంగతులు, తేదీలతో. "మార్చిలో రెండో ల్యాబ్ తప్పినప్పుడు శాంపిల్ మళ్ళీ చేస్తానని అడిగాను, మీరు శనివారం ల్యాబు తెరిపించారు" అన్నట్టు. ప్రొఫెసర్‌కి మిమ్మల్ని పొగిడే మాటలు అందించక్కర్లేదు, మరిచిపోయినవి గుర్తుచేస్తే చాలు. ఒక్కో ప్రొఫెసర్‌కి వేరే అర పేజీ రాయండి. అందరికీ ఒకటే ఇస్తే నాలుగు లెటర్లూ ఒకే కథ చెబుతాయి.

"డ్రాఫ్టు నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అనేవాళ్ళు తగులుతారు. డాక్టర్లలో ఎక్కువ, మనవాళ్ళలో ఇంకా ఎక్కువ. వినడానికి అదృష్టంలా ఉంటుంది. ఒప్పుకోకండి. ఇరవై ఏళ్ళ పిల్లాడు తన గురించి రాసుకుంటే విశేషణాలు వస్తాయి, పక్కనుంచి చూసినవాడికి కనబడేది రాదు. ఆ భాషే పర్సనల్ స్టేట్‌మెంట్లోనూ ఉంటుంది, చదివేవాడు పోల్చుకుంటాడు. చాట్‌బాట్ చేత రాయించినా ఇదే జరుగుతుంది. పైగా అది మోసం. "సార్, నేను రాస్తే బాగోదు, పాయింట్లు ఇస్తాను" అని ఆ అర పేజీ చేతిలో పెట్టండి. అప్పటికీ రాయనంటే వదిలేయండి.

లెటరు చూసుకునే హక్కుని వదులుకుంటారా అని ఫారం అడుగుతుంది. 1974 నాటి ఫెర్పా చట్టం ఇచ్చిన హక్కు అది. వదులుకోండి. ఏం రాశాడో చూడకుండా ఎలా అని ఇంట్లో గొడవ పెడతారు. విద్యార్థి చూస్తాడని తెలిస్తే రాసేవాడు ఆచితూచి రాస్తాడు, చదివేవాడు దాన్ని సగం నమ్ముతాడు. ఏం రాస్తాడోనని భయంగా ఉంటే అసలు అడగాల్సిన మనిషి ఆయన కాదు.

పంపడంలో వచ్చే తప్పులు చిన్నవే గానీ నెలలు తినేస్తాయి. ఎం.డి. కాలేజీలకి అప్లికేషన్లు పంపే ఉమ్మడి సర్వీసైన ఆమ్‌కాస్‌లో పది లెటర్ల దాకా పెట్టుకోవచ్చు. పదీ నింపమని కాదు, నాలుగైదు గట్టివి చాలు. మూడే చదువుతామని చెప్పిన కాలేజీకి ఆరు పంపితే వాళ్ళు ఏ మూడు చదువుతారన్నది మీ చేతిలో ఉండదు. ఒక్కో లెటరుకి ఆమ్‌కాస్ ఒక లెటర్ ఐడీ, ఒక రిక్వెస్ట్ ఫారం ఇస్తుంది. రాసేవాళ్ళకి ఆ ఫారమే పంపాలి, ఐడీని ఈమెయిల్లో చేత్తో టైపు చేసి పంపితే అంకె మారి లెటరు ఎటో పోతుంది. అప్లికేషన్ సబ్మిట్ చేశాక కొత్త లెటరు కలపొచ్చు, ఉన్నదాన్ని తీసెయ్యలేరు. అందుకని ఏ లెటరు ఏ కాలేజీకో షీట్ చూసుకుని మరీ కేటాయించాలి. డి.ఓ. కాలేజీలకి ఆకోమాస్, టెక్సాస్ కాలేజీల్లో ఎక్కువ భాగానికి వాళ్ళ సొంత సర్వీసు, ఇవి వేరు. రాసేవాళ్ళని మూడుసార్లు అప్‌లోడ్ చెయ్యమని అడగాల్సి వస్తుందని ముందే చెప్పండి, లేదా లెటర్లు దాచి పంపే ఇంటర్‌ఫోలియోలో ఒకసారి పెట్టించుకుంటే ఆమ్‌కాస్‌కి అక్కడినుంచే వెళుతుంది.

లెటర్‌హెడ్డు మీద, సంతకంతో, తేదీతో ఉండాలని ప్రొఫెసర్‌కి సున్నితంగా గుర్తుచెయ్యండి. ఒక్క కాలేజీ పేరు ఎత్తి రాయొద్దని కూడా. ఆ లెటరే ఇరవై చోట్లకి వెళుతుంది.

లెటర్లు రాలేదని అప్లికేషన్ ఆపి కూర్చోవడం మరో తప్పు. ఆమ్‌కాస్ వెరిఫికేషన్‌కి లెటర్లతో పనిలేదు. మే చివర్లోనో జూన్ మొదట్లోనో సబ్మిట్ చేసేస్తే, వెరిఫికేషన్ వారాల తరబడి నడిచేలోపు లెటర్లు చేరతాయి. అయితే ఒక్కో కాలేజీ విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు పంపేసరికి, అంటే జులై నాటికి, అవి అక్కడ ఉండాలి. చాలా కాలేజీలు లెటర్లు చేరితే గానీ ఫైలు చదవడం మొదలుపెట్టవు. ప్రొఫెసర్‌కి మే 15 గడువు చెప్పండి, మీ మనసులో జూన్ 15 ఉంచుకోండి. గడువుకి రెండు వారాల ముందొకసారి, తర్వాత వారానికొకసారి రెండు ముక్కల్లో గుర్తుచేస్తే విసుక్కోరు. ఒకరు సబాటికల్‌కి వెళ్ళిపోతారు, ఒకరు ఉద్యోగం మారతారు, కాబట్టి అవసరానికి మించి ఒక సైన్స్ ప్రొఫెసర్‌ని అడిగి ఉంచుకోవడం మంచిది. అన్నట్టు, లెటరు పంపకముందు స్వీట్ బాక్సులు పట్టుకెళ్ళకండి, వాళ్ళు ఇబ్బంది పడతారు. పంపాక చేత్తో రాసిన కార్డు, సీటు వచ్చాక ఆ కబురు చాలు.

గుంటూరులోనో కాకినాడలోనో ఎంబీబీఎస్ చేసి రెసిడెన్సీకి (అమెరికాలో స్పెషాలిటీ శిక్షణకి) వచ్చేవాళ్ళకి సర్వీసు వేరు, చిక్కు ఒకటే. రెసిడెన్సీ అప్లికేషన్లు వెళ్ళే ఈరాస్‌లో ఒక్కో ప్రోగ్రాముకి నాలుగు లెటర్లే వెళతాయి. మన హెచ్‌ఓడీలు ఇచ్చేవి తరచుగా కాండక్ట్ సర్టిఫికెట్ మూసలో ఉంటాయి: ఫలానా సంవత్సరాల్లో ఇక్కడ చదివాడు, నడవడిక బాగుంది. అక్కడి ప్రోగ్రాం డైరెక్టరుకి అందులో తెలిసేదేమీ లేదు. నాలుగు వారాల రొటేషన్లో రోజూ మీ కేసు ప్రెజెంటేషన్ విని సరిదిద్దిన సీనియర్ డాక్టరు (అటెండింగ్), ఆయన పేరు ఎవరూ వినకపోయినా, ఆ నాలుగింటిలో ముందుండాలి.

మొదటిసారి రాక రెండోసారి అప్లై చేసేవాళ్ళు పాత లెటర్లే మళ్ళీ పెట్టెయ్యకూడదు. పాతవాళ్ళలో బాగా ఎరిగిన ఇద్దరిని కొత్త తేదీతో, ఈ ఏడాది ఏం చేశారో ఒక పేరా కలిపి మార్చి ఇవ్వమని అడగాలి. గ్యాప్ ఏడాదిలో పనిచేసిన క్లినిక్ నుంచో ల్యాబు నుంచో కనీసం ఒకటి కొత్తది ఉండాలి. నిరుటి లెటర్లలో చప్పగా వచ్చిందేమోనని ఎవరి మీదైనా అనుమానముంటే, ఈసారి ఆయన్ని అడగకుండా ఉండటమే తేలిక.